సభలో యోగ్యత, వీసాకు సంజాయిషీ

లోక్‌సభ సభ్యుడు అరెస్టయితే ఆ సమాచారాన్ని వెంటనే స్పీకరుకు తెలియజేయాలన్నది సభా నియమం. విడుదలై తిరిగివచ్చిన సభ్యుడు అందుకు సిగ్గుపడటం నేను ఇంతవరకు చూడలేదు. మన రాజకీయాలలో జైలు ఒక యోగ్యతాపత్రం. 1975-77 అత్యవసర పరిస్థితిలో నిర్బంధానికి గురైన లక్షమందికి పైగా పౌరులలో నుంచే తరువాత ప్రధానమంత్రులు సైతం వచ్చారు.

చాణక్యపురిలోని రాయబార కార్యాలయాల గుమ్మంలో ఆ పత్రం చెల్లదు. క్షమాభిక్ష లభించినప్పటికీ సరే, ఏ నేరానికైనా ఎన్నడైనా అరెస్టయినారా అని అమెరికా వీసా దరఖాస్తు ప్రశ్నిస్తుంది. ధర్నాకూ దొంగతనానికీ ఆ గడిలో తేడా లేదు.

నేనెరిగిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు 1969 తెలంగాణ ఉద్యమంలో విద్యార్థిగా నాలుగు రోజులు లాకప్‌లో ఉన్నారు. అమెరికాలో కుమార్తె పురుడు దగ్గర పడింది. 'లేదు' అని రాసెయ్యమని ఏజెంటు సలహా. ఏం చేయమంటారని ఆయన నన్ను అడిగారు. నిజమే రాయమన్నాను.

కారణం చట్టంలోనే ఉన్నది. కేవలం అరెస్టయినంత మాత్రాన అమెరికా చట్టం వీసాకు అనర్హతగా పరిగణించదు. నైతిక పతనంతో కూడిన నేరానికి శిక్ష పడటం, లేదా ఆ నేరాన్ని ఒప్పుకోవటం ముఖ్యం. కేవల రాజకీయ నేరాలకు అందులోనూ మినహాయింపు ఉన్నది. కాని కీలకమైన విషయంలో కావాలని అబద్ధమాడినట్లు తేలితే అది జీవితాంతం వెంటాడే అనర్హత. ప్రత్యేక మినహాయింపు పొందితే తప్ప దారి లేదు. నెల్సన్ మండేలా అంతటివారు కూడా 2008 దాకా అమెరికా వెళ్ళటానికి అటువంటి ప్రత్యేకానుమతి పొందవలసి వచ్చింది.

మన చట్టం మాత్రం తక్కువ తిన్నదా? విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే ప్రకటించింది. అయినా 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. 1993 నాటి నోటిఫికేషన్ కోర్టు అనుమతితో పొందే వీలు కల్పించింది. కోర్టు గడువు చెప్పకపోతే ఆ పాస్‌పోర్టు ఒక్క సంవత్సరానికే.

మన ఉపాధ్యాయునికి పాస్‌పోర్టు ఉన్నది. లేనిది కేసు ముగిసిందని చెప్పే కాగితం. యాభై ఏళ్ళు దాటిన ఫైలును కోర్టు రికార్డు గదిలో ఎవరు వెదుకుతారు? ఉద్యమ కేసులు ఎత్తివేస్తున్నామని ప్రభుత్వాలు సభలలో ప్రకటిస్తాయి, బల్లలు మోగుతాయి. ఉపసంహరణకు కోర్టు సమ్మతి అవసరం. ఆ ఉత్తర్వు ధృవీకృత ప్రతిని నిందితుని చేతికి అందించే బాధ్యతను ప్రభుత్వమే స్వీకరించాలి. ఫైలు నశించి ఉంటే ఆ మాటైనా రాతపూర్వకంగా ఇవ్వాలి. ఉద్యమకారులకు శాలువాల కంటే ఆ ఒక్క కాగితం ఎక్కువ అక్కరకు వస్తుంది.