పేదల గృహాలలో ఇంధన పొదుపు – ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో నిధుల సమీకరణ

సొంత ఇల్లు సామాన్య మానవుని చిరకాల స్వప్నం. ఆ స్వప్నాన్ని సాకారం చేసేందుకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు దశాబ్దాలుగా పలు పథకాలను అమలు జరుపుతున్నాయి. అయితే ఇల్లు దక్కడం ఒక ఎత్తు, ఎండాకాలంలో ఆ ఇంట నివసించగలగడం మరొక ఎత్తు. గృహ సముదాయంలో పై అంతస్తు లభించిన కుటుంబం, పగలంతా కాగిన స్లాబు కింద నిద్ర పట్టక అర్ధరాత్రి వేళ ఆరుబయట చాపలు పరచుకోవడం తెలుగు నాట అందరూ ఎరిగిన దృశ్యమే. ఫ్యాను ఆపే వీలుండదు, కరెంటు బిల్లు తగ్గే వీలూ ఉండదు.

ఈ ఇబ్బందికి మూలం గోడలోనే ఉంది. తక్కువ వ్యవధిలో వేలాది ఇళ్ళు పూర్తి చేయవలసి రావడంతో, ఇటుక పని లేకుండా గోడలు, స్లాబు కలిపి ఒకేసారి కాంక్రీటు పోసే షియర్ వాల్ పద్ధతి విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో గృహ సముదాయాలను ఈ పద్ధతిలోనే నిర్మించారు. దృఢత్వంలోనూ, వేగంలోనూ ఈ విధానానికి సాటి లేదు. కాగా, తేలికపాటి ఏఏసీ దిమ్మెలతో పోల్చితే కాంక్రీటు ఉష్ణాన్ని సుమారు 8 రెట్లు అధికంగా ప్రసరింపజేస్తుంది. ఆ గోడకు పైన ఎలాంటి రక్షణ లేకుంటే పగటి వేడి సాయంత్రానికి గదిలోకి చేరుతుంది.

కేంద్ర ప్రభుత్వ ఆధ్వర్యంలోని ఇంధన సామర్థ్య సంస్థ 2018 డిసెంబరులో విడుదల చేసిన ‘ఎకో నివాస్ సంహిత’ నివాస భవనాలకు ఈ విషయమై ప్రమాణాలను నిర్దేశించింది. దీని ప్రకారం, శీతల ప్రాంతాలు మినహా దేశమంతటా, భవనం గోడలు, కిటికీల గుండా లోనికి చేరే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదు. పైకప్పుకు వేరుగా పరిమితి ఉంది. కోస్తా వంటి ఉక్కపోత ప్రాంతాలలో తెరవగల కిటికీలు, తలుపుల వైశాల్యం గది నేలలో ఆరో వంతుకు తగ్గరాదు. అనగా 30 చదరపు మీటర్ల ఇంటికి 5 చదరపు మీటర్ల మేరకు గాలి దారి ఉండాలి. ఇది పెద్దల కాలం నాటి ఎదురెదురు గుమ్మాల సూత్రమే, లెక్కల్లోకి వచ్చింది.

ఈ సూత్రాలు పేదల ఇళ్ళకు వర్తిస్తాయా అన్న సందేహానికి గుజరాత్‌లోని రాజ్‌కోట్ సమాధానం చెప్పింది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద అక్కడ చేపట్టిన స్మార్ట్ ఘర్-3 సముదాయానికి ఇండో-స్విస్ భవన ఇంధన సామర్థ్య కార్యక్రమం నిపుణులు రూపకల్పన దశలోనే సహకరించారు. ఏఏసీ దిమ్మెల గోడలు, పూర్తిగా తెరుచుకునే కిటికీ రెక్కలు ఏర్పాటు చేశారు. కిటికీ అంతా అద్దం పెట్టకుండా కొంత భాగాన్ని ఎండ చొరని రెక్కగా మలచారు. భవనం మధ్యనున్న పైపుల సందును పైకి గాలిని లాగే మార్గంగా ఉపయోగించారు. శీతల యంత్రం ఏదీ అవసరం కాలేదు.

మరి అన్ని చోట్లా ఈ విధంగా ఎందుకు నిర్మించడం లేదు? సమస్య సాంకేతికం కాదు, ఆర్థికం. మెరుగైన గోడకు, కప్పుకు అయ్యే అదనపు వ్యయం నిర్మాణ సమయంలో బిల్డరుపై పడుతుంది. ఫలితం మాత్రం తదుపరి 20, 30 ఏళ్ళ పాటు నివాసికి అందుతుంది. టెండరులో అతి తక్కువ ధర కోట్ చేసిన వారికే పని దక్కేటప్పుడు, భవిష్యత్తులో మరొకరికి మిగిలే కరెంటు బిల్లు కోసం ఏ బిల్డరూ తన ధర పెంచుకోడు. ఈ రెండింటినీ కలపడమే ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో అసలు కీలకం.

అందుబాటు ధరల గృహాల కోసం కేంద్రం 2017 సెప్టెంబరులో 8 భాగస్వామ్య విధానాలను ప్రకటించింది. వాటిలో 6 ప్రభుత్వ స్థలాలకు, 2 ప్రైవేటు స్థలాలకు ఉద్దేశించినవి. స్థలంలో కొంత భాగంలో వాణిజ్య భవనాలు నిర్మించుకొని, ఆ ఆదాయంతో పేదల ఇళ్ళ వ్యయాన్ని భరించడం ఒక విధానం. బిల్డరు సొంత పెట్టుబడితో ఇళ్ళు కట్టి అప్పగించగా, ప్రభుత్వం ఏటా వాయిదాలలో చెల్లించడం మరొకటి. ఇంధన పొదుపు దృష్టితో చూస్తే ఈ రెండవ విధానం మిక్కిలి అనువైనది. వాయిదాలు చాలా ఏళ్ళ పాటు సాగుతాయి గనుక, చెల్లింపును ఇంటి పనితీరుతో ముడిపెట్టే అవకాశం ఒప్పందంలోనే ఉంటుంది.

2024లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద, భాగస్వామ్య పద్ధతిలో నిర్మించే ఇంటికి మన రాష్ట్రాలలో కేంద్రం 1.50 లక్షల రూపాయలు, రాష్ట్రం కనీసం 1 లక్ష రూపాయలు సమకూరుస్తాయి. నూతన నిర్మాణ పరిజ్ఞానం వాడితే చదరపు మీటరుకు 1,000 రూపాయల అదనపు గ్రాంటు లభిస్తుంది. ఉదాహరణకు 30 చదరపు మీటర్ల ఇంటికి మెరుగైన గోడలు, కప్పు నిమిత్తం 45,000 రూపాయలు అదనంగా అవుతాయనుకుందాం. గ్రాంటు రూపంలో 30,000 వస్తే మిగిలేది 15,000. దానిని 9 శాతం వడ్డీపై 20 ఏళ్ళ గృహ రుణంలో కలిపితే నెలసరి వాయిదా సుమారు 135 రూపాయలు పెరుగుతుంది. అయితే నూతన పరిజ్ఞానం అనగానే వేగంగా కట్టేది అనే అర్థం స్థిరపడటం మంచిది కాదు. వేగంగా లేచిన గోడ చల్లని గోడ కానవసరం లేదు.

బ్యాంకులకు చవక నిధులు అందించే మార్గమూ లేకపోలేదు. జాతీయ గృహ బ్యాంకు తొలుత జర్మనీకి చెందిన కేఎఫ్‌డబ్ల్యూ బ్యాంకు నుండి 5 కోట్ల యూరోల రుణ సహాయం పొంది, ఇంధన పొదుపు గృహాల రుణాలకు రీఫైనాన్స్ సదుపాయం కల్పించింది. 2017లో ఫ్రెంచి అభివృద్ధి సంస్థ 10 కోట్ల యూరోల రుణం, ఐరోపా సమాఖ్య 1.2 కోట్ల యూరోల గ్రాంటుతో మరొక కార్యక్రమం మొదలైంది. ఆ గ్రాంటు ముఖ్యోద్దేశాలలో భవన రూపకర్తలకు, రుణ సంస్థలకు సాంకేతిక సహాయం ఒకటి. ఇంటి ప్లాను చూసి, నెలవారీ బిల్లు తగ్గితే వాయిదా చెల్లించే శక్తి పెరుగుతుందని గుర్తించగల రుణాధికారి ఉన్నప్పుడే ఇటువంటి నిధి లబ్ధిదారుని వరకు చేరుతుంది.

ఈ తరహా భాగస్వామ్యం తెలుగు నేలకు కొత్త కాదు. హైదరాబాదులోని సీఐఐ-సొహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రం 2004లో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, పరిశ్రమల సమాఖ్య, ప్రైవేటు ఫౌండేషన్ల కలయికతోనే ఆవిర్భవించింది. అలాగే ఎల్‌ఈడీ బల్బుల విషయంలో, ప్రభుత్వ రంగంలోని ఈఈఎస్‌ఎల్ భారీ పరిమాణంలో కొనుగోలు చేయడంతో 2014లో 310 రూపాయలున్న సేకరణ ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగివచ్చింది. అదే పద్ధతి ఫ్యాన్లకు వర్తింపజేయవచ్చు. సాధారణ ఫ్యాను 75 వాట్లు తీసుకోగా, బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. రెండు ఫ్యాన్లు రోజుకు 12 గంటల చొప్పున తిరిగే ఇంట నెలకు సుమారు 32 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ధర 4 రూపాయలైతే ఆ మొత్తం సుమారు 130 రూపాయలు, అనగా పైన చెప్పిన అదనపు వాయిదాకు దాదాపు సమానం.

పైకప్పు సంగతి ఇంకా సులువు. ఎండను తిప్పికొట్టే తెల్లని పూతకు అయ్యే ఖర్చు తక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం, ప్రభుత్వం నిర్మించే పేదల ఇళ్ళను కూడా తన పరిధిలోకి తెచ్చింది. అయితే దుమ్ము పట్టి, వానకు తడిసి పూత గుణం కొన్నేళ్ళలో తగ్గుతుంది. ఇళ్ళు అప్పగించిన తరువాత మళ్ళీ పూత వేయించవలసినది కార్పొరేషనా, బిల్డరా, నివాసుల సంఘమా అన్నది ఒప్పంద పత్రంలో ముందే రాసుకోవలసిన అంశం. లేనిచో ఆ భారం చివరికి పై అంతస్తు కుటుంబం మీదనే పడుతుంది.