ఊడిన పన్ను చోట ఇంప్లాంట్... మీకు సరిపడుతుందా?

జంతిక కొరకలేరు. చెరుకు ముక్క సంగతి సరేసరి. పేరంటంలో నలుగురూ నవ్వుతుంటే ఈవిడ మాత్రం పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ‘డాక్టరు దగ్గరకి వెళ్లొచ్చుగా వదినా’ అంటే ‘ఇప్పుడు నా పళ్లకేం తొందర? ముందు పిల్లాడి ఫీజు కట్టనీ’ అంటుంది. ఇలాంటి వదినలు మనకి ఊరూరా ఉన్నారు.

ఒకప్పుడు పన్ను ఊడితే కట్టుడు పళ్లే గతి. ఇప్పుడు నర్సీపట్నం, అనకాపల్లిలాంటి ఊళ్లలోనూ ఇంప్లాంట్ల మాట వినబడుతోంది. ‘సొంత పన్నులా ఉంటుందట’ అని ఒకరంటే, ‘దవడకి మేకు కొడతారట’ అని ఇంకొకరు భయపెడతారు. ఇంప్లాంట్ మంచిదా కాదా అని అడిగితే జవాబు దొరకదు. మీ నోటికి, మీ ఒంటికి, మీ ఇంటికి సరిపడుతుందా అని అడగాలి.

మేకు కాదు, వేరు

ఊడిన పంటి వేరు స్థానంలో దవడ ఎముకలోకి బిగించే చిన్న టైటానియం స్క్రూనే ఇంప్లాంట్ అంటారు. మత్తు ఇచ్చి పెడతారు కాబట్టి ఆ సమయంలో నొప్పి తెలియదు. తర్వాత మూడు నుంచి ఆరు నెలల్లో ఎముక దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు పైన పన్ను తొడుగుతారు.

ఈ కిటుకు దొరికింది అనుకోకుండానే. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు కుందేలు ఎముకలో రక్తప్రసారం చూడటానికి టైటానియం గొట్టం అమర్చారు. పని అయ్యాక తీద్దామంటే అది రాలేదు, ఎముకతో కలిసిపోయింది! 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టారు. ఆయనకవి నలభై ఏళ్లు పనిచేశాయి. చక్కగా కుదిరితే పదేళ్ల తర్వాత కూడా 100 ఇంప్లాంట్లలో 95 దాకా నిలుస్తాయి. ‘చక్కగా కుదిరితే’ అన్న మాటే ముఖ్యం.

ఎవరికి కుదురుతుంది?

ముందు ఎముక చూడాలి. పన్ను తీసేసి ఏళ్లు గడిచేకొద్దీ అక్కడి ఎముక అరిగిపోతుంది. ఎక్స్‌రేలో, అవసరమైతే స్కాన్‌లో ఎముక ఎత్తు, వెడల్పు తెలుస్తాయి. చాలకపోతే ఎముక పొడి వేసి పెంచొచ్చు గానీ ఖర్చూ, రోజులూ పెరుగుతాయి.

చిగుళ్ల నుంచి రక్తం, చీము వస్తుంటే ముందు వాటికి వైద్యం. సొంత పళ్లను ఊడగొట్టిన జబ్బు ఇంప్లాంట్‌నీ వదలదు.

షుగరు ఉన్నంత మాత్రాన పనికిరారని కాదు. అదుపులో ఉంటే పెట్టించుకోవచ్చు. అదుపులో లేకపోతే పుండు మానదు, ఎముక పట్టదు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేయించుకునే వెళ్లండి.

ఎముకలు గుల్లబారినందుకు మందులు, ఇంజెక్షన్లు వాడుతున్నా, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నా, మెడ, తల భాగంలో రేడియేషన్ తీసుకున్నా దాచకుండా చెప్పండి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. గర్భిణులు కాన్పయ్యేదాకా ఆగడం మంచిది. దవడ ఎదుగుదల పూర్తికాని పిల్లలకి పెట్టరు. పెద్ద వయసు మాత్రం అడ్డు కాదు. ఆరోగ్యంగా ఉంటే డెబ్బై ఏళ్ల మామ్మకీ పెట్టొచ్చు.

అడ్డపొగ ఉంటే...

మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఈ మాట చెప్పకుండా పళ్ల గురించి రాయడం కుదరదు. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు ఆడవాళ్లలోనే ఎక్కువ. 1971లో వెలువడిన ఒక అధ్యయనం కోసం ఆంధ్రలో 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించారు. ఈ పొగ అంగిలిని ఎంత పాడుచేస్తుందో అందులో బయటపడింది. క్యాన్సర్ దాకా పోవచ్చు. పొగ ఏదైనా ఇంప్లాంట్ నిలిచే అవకాశాన్ని తగ్గిస్తుంది. అందుకే చుట్ట అలవాటున్న అమ్మ, అత్తగారు ఉంటే ముందు అంగిలి చూపించండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మానని పుండు ఉంటే కొత్త పళ్ల సంగతి తర్వాత.

ఇంప్లాంట్ కాకపోతే?

చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మధ్యలో ఒకటో రెండో పళ్లు లేకపోతే బ్రిడ్జి కట్టించుకోవచ్చు. రెండు మూడు వారాల్లో పని అయిపోతుంది. అయితే అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీయాలి. అవి బాగుంటే అరగదీయడానికి మనసొప్పదు, అక్కడే ఇంప్లాంట్ మేలు. ఎక్కువ పళ్లు పోతే తీసి పెట్టుకునే సెట్టు అన్నిటికన్నా చవక. కింది సెట్టు కదిలిపోతూ అన్నం తిననివ్వకపోతే, రెండు ఇంప్లాంట్లు వేసి దానికి తగిలించుకునే పద్ధతి ఉంది. నోటినిండా ఇంప్లాంట్లు వేయించక్కర్లేదు. అన్నిటికన్నా వెనక ఉండే దంతం ఒక్కటే పోతే, నమలడానికి ఇబ్బంది లేకపోతే, ఏమీ పెట్టించుకోకుండానూ ఉండొచ్చు. మధ్య పన్ను పోతే మాత్రం వదిలేయొద్దు. పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదురు పన్ను సాగుతుంది.

రోలుగుంట నుంచి లెక్క వేస్తే

ఒక్కో ఇంప్లాంట్‌కి వేలల్లోనే ఖర్చు. అదొక్కటే కాదు. రోలుగుంట నుంచి నర్సీపట్నం వెళ్లాలన్నా, విశాఖ వెళ్లాలన్నా చార్జీలు, పోయిన రోజు కూలి, తోడుగా ఒక మనిషి. స్కాన్‌కి ఒకసారి, స్క్రూకి ఒకసారి, కుట్లకి ఒకసారి, పన్నుకి రెండు మూడుసార్లు తిరగాలి. తర్వాత ఏడాదికి ఒకసారైనా చూపించుకోవాలి. ఇవన్నీ కలిపి లెక్క వేయండి. రుషికొండలోని గీతం, సంగివలసలోని అనిల్ నీరుకొండ దంతవైద్య కళాశాలల్లోనూ వాకబు చేయండి. కళాశాల ఆసుపత్రుల్లో సాధారణంగా ఖర్చు తక్కువ, కాకపోతే ఓపిగ్గా కూర్చోవాలి.

డాక్టర్ని అడగండి

• నా ఎముక సరిపోతుందా? ఎక్స్‌రేలో చూపించి చెప్తారా?
• స్క్రూ, పైన పన్ను, స్కాన్ అన్నీ కలిపి మొత్తం ఎంత?
• బ్రిడ్జి లేదా సెట్టు అయితే ఎంత? నాకు ఏది మేలు, ఎందుకు?
• ఇంప్లాంట్ పట్టకపోతే ఏం చేస్తారు? మళ్లీ డబ్బు కట్టాలా?
• కంపెనీ పేరు, సైజు ఉన్న కార్డు ఇస్తారా? పదేళ్ల తర్వాత వేరే డాక్టరు దగ్గరకి వెళ్లినా అది పనికొస్తుంది.

అడిగితే విసుక్కునే చోట తొందరపడి ఒప్పుకోకండి. ఇంటికొచ్చి ఆలోచించుకుంటే పోయేదేం లేదు. ఇంకొక డాక్టరు మాట కూడా వినండి. ఇంప్లాంట్ అయినా, బ్రిడ్జి అయినా, సెట్టు అయినా మీరు పప్పన్నంతో పాటు గట్టి కూరగాయలూ, వేరుశెనగలూ నమిలి తినగలగాలి. ఇంట్లో అందరి ఖర్చుల చిట్టాలో మీ పళ్లకీ ఒక గీత కేటాయించండి. అది దుబారా కాదు, మీ తిండి ఖర్చే.