పిల్లల పిత్తాశయంలో రాళ్లు ఎందుకొస్తాయి? ఆపరేషన్‌కు ముందు ఏం అడగాలి?

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల వల్ల ఖరగ్‌పూర్‌లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఈ రైల్వే పట్టణంలో పిత్తాశయ రాళ్లు కొత్త మాటేమీ కాదు. పొరుగు బెంగాలీలు ‘పాథొర్’ అంటారు, తెలుగు ఇళ్లలో ‘గాల్ బ్లాడర్‌లో రాయి’ అంటారు. దక్షిణాదితో పోలిస్తే గంగా మైదాన రాష్ట్రాల్లో ఈ సమస్య ఎక్కువ.

అయితే ఇది నలభై దాటిన ఆడవాళ్ల జబ్బు అన్న నమ్మకం బలంగా ఉంది. అందుకే పదేళ్ల పిల్లాడి స్కానింగ్ రిపోర్టులో అదే మాట కనిపిస్తే తల్లిదండ్రులు కంగారు పడతారు. వెంటనే అడిగేది, ‘ఆపరేషన్ ఎప్పుడు?’ అని. దానికన్నా ముందు అడగాల్సింది, ‘రాయి ఎందుకొచ్చింది?’ అని.

రక్తంలో మొదలయ్యే రాయి

కాలేయంలో తయారైన పిత్తరసం పిత్తాశయంలో నిల్వ ఉంటుంది. అందులో కొలెస్ట్రాల్ ఎక్కువైతే ఒక రకం రాళ్లు ఏర్పడతాయి. పెద్దల్లో, ఊబకాయం ఉన్న పిల్లల్లో ఇవి కనిపిస్తాయి.

రెండో రకం నల్లటి రాళ్లు. మామూలుగా ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారిలో 10 నుంచి 20 రోజులకే పగిలిపోతుంది. అలా పగిలిన కణాల నుంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం అధికంగా వచ్చి, పిత్తరసంలో చేరి గట్టిపడుతుంది. తలసీమియాలోనూ, కణాలు గుండ్రంగా మారే వంశపారంపర్య స్ఫెరోసైటోసిస్‌లోనూ జరిగేది ఇదే.

ఖరగ్‌పూర్ కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు. తూర్పు భారతంలో తలసీమియాతో పాటు హిమోగ్లోబిన్-ఇ అనే లోపం ఎక్కువ. ఆంధ్ర, ఒడిశా గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉంది. 2047 నాటికి దాన్ని నిర్మూలించాలని కేంద్రం 2023లో జాతీయ మిషన్ ప్రారంభించింది.

కారణం తెలియడం ఆపరేషన్‌కూ కీలకమే. సికిల్ సెల్ ఉన్న బిడ్డకు మత్తు ఇచ్చే ముందు ప్రత్యేక జాగ్రత్తలు కావాలి, ఒక్కోసారి రక్తం ఎక్కించాలి. పూర్తి రక్తపరీక్ష, స్మియర్, హిమోగ్లోబిన్ రకాలు తేల్చే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేస్తే చాలా వరకు విషయం తేలుతుంది.

పసిబిడ్డల సంగతి వేరు

నెలలు నిండకుండా పుట్టి, నోటితో పాలు తాగలేక రక్తనాళం ద్వారా పోషకాలు అందుకునే శిశువుల్లో పిత్తాశయం సరిగా ముడుచుకోదు. పిత్తరసం చిక్కబడి రాళ్లు ఏర్పడవచ్చు. సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ కూడా కాల్షియంతో కలిసి రాళ్లలా కనిపించే గడ్డలను ఏర్పరుస్తుంది. మందు ఆపాక ఇవి సాధారణంగా కరిగిపోతాయి. శిశువుల రాళ్లు చాలాసార్లు వాటంతటవే పోతాయి కాబట్టి, ఇబ్బంది లేకపోతే వైద్యులు మళ్లీ స్కానింగ్ చేస్తూ వేచి చూస్తారు.

పెద్దల్లో ఎవరికి?

గర్భిణులకు, వేగంగా బరువు తగ్గినవారికి, మధుమేహం ఉన్నవారికి ముప్పు ఎక్కువ. అయితే రాయి ఉన్న ప్రతివారికీ ఆపరేషన్ అవసరం లేదు. నొప్పి లేనివారిలో ఏటా నూటికి ఒకరి నుంచి నలుగురికే లక్షణాలు మొదలవుతాయి. నొప్పి పదేపదే వస్తుంటే మాత్రం పిత్తాశయాన్ని తీసేయడమే చికిత్స. ఇప్పుడు ఎక్కువగా లాపరోస్కోపీతోనే చేస్తున్నారు.

పసరుతో పోయే జబ్బు కాదు

కొండపిండి ఆకు, బార్లీ నీళ్లు మూత్రపిండాల రాళ్ల కోసం జనం వాడేవి. పిత్తాశయం మూత్రం దారిలో లేదు కాబట్టి ఎన్ని నీళ్లు తాగినా ఈ రాయి కొట్టుకుపోదు. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగాక విరేచనంలో కనిపించే పచ్చటి ఉండలు రాళ్లు కావు, ఆ నూనెతోనే తయారైన సబ్బులాంటి ముద్దలు.

అసలు ప్రమాదం కామెర్లకు పసరు పోయించుకోవడంలో ఉంది. రాయి జారి పిత్తనాళానికి అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి. పసరు కోసం తిరిగే రోజుల్లో ఆ నాళంలో ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి వస్తుంది.

చిన్న పిల్లలు నొప్పి ఎక్కడో చెప్పలేక బొడ్డు చూపిస్తారు. దాన్ని ప్రతిసారీ నులిపురుగుల ఖాతాలో వేయకండి. కడుపునొప్పితో పాటు జ్వరం, పచ్చబడిన కళ్లు, ఆగని వాంతులు ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నొప్పి లేకపోయినా, రాయి ఉన్న బిడ్డ పాలిపోయి ఉంటే, తరచూ కళ్లు పచ్చబడుతుంటే, ఇంట్లో ఎవరికైనా రక్తజబ్బు ఉంటే ఆ మాట డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి. రాయి తీసేసినంత మాత్రాన రక్తంలోని జబ్బు పోదు.