లెక్క యంత్రానిది, కాపలా మనిషిది

యంత్రం వచ్చిందంటే మనిషికి పని తప్పిందని అనుకోవడం మనకు అలవాటు. చక్కెర వ్యాధి విషయంలో ఆ మాట సగమే నిజం. సైకాలజీ పాఠాలు చెప్పుకునే నాకు పదమూడో ఏటనుంచీ టైప్-1 మధుమేహం ఉంది. నడుముకు పంపు, చేతికి సెన్సారు తగిలించుకునే తరగతికి వస్తాను. కనుక ఇది కేవలం పుస్తకాలు చూసి రాస్తున్నది కాదు.

టైప్-1లో క్లోమగ్రంథి ఇన్సులిన్ తయారు చెయ్యడం దాదాపు మానేస్తుంది. 1922 జనవరిలో టొరాంటోలో మొదటిసారి ఒక రోగికి ఇన్సులిన్ ఇచ్చారు. ప్రాణం నిలిచింది గాని, పూటపూటకీ మోతాదు లెక్క రోగి నెత్తిన పడింది. ఆ లెక్కను యంత్రానికి అప్పగించాలని 1960లలోనే అమెరికాలో ఆర్నాల్డ్ కాడిష్ అనే వైద్యుడు ప్రయత్నించాడు. ఆ యంత్రాన్ని వీపున మూటలా మోయవలసి వచ్చేది. 2016లో అక్కడి ప్రభుత్వం అనుమతించిన మినీమెడ్ 670జి నాటికి అది జేబులో పట్టింది.

ఇది పనిచేసే తీరు చెబుతాను. సెన్సారు చర్మం కింది ద్రవంలో గ్లూకోజును అయిదేసి నిమిషాలకు కొలుస్తుంది. దాన్నిబట్టి పంపు ఇన్సులిన్‌ను పెంచుతుంది, తగ్గిస్తుంది, అవసరమైతే ఆపేస్తుంది. భోజనం సంగతి మాత్రం మనమే ముందుగా చెప్పాలి. చర్మం కింద ఎక్కించిన ఇన్సులిన్ పూర్తి బలం చూపడానికి గంటో, అంతకుపైనో పడుతుంది. అన్నం అంతసేపు ఆగదు. పెళ్ళి పంక్తిలో కూర్చుని, పులిహోరలో పిండిపదార్థం ఎన్ని గ్రాములు, బూరెలో ఎన్ని అని లెక్కకట్టే అవస్థ ఆ యంత్రం తయారుచేసిన ఇంజనీరుకు ఏం తెలుస్తుంది పాపం! వడ్డించేవారేమో "ఇంకొక్కటి వెయ్యనివ్వండి" అంటూనే ఉంటారు.

అసలు చిక్కు ఓపిక దగ్గర వస్తుంది. తెరమీద 260 అని కనబడితే చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టం. యంత్రం అప్పటికే సర్దుతూ ఉంటుంది. అయినా మనస్సు ఊరుకోక, కొందరు విడిగా ఒక సూది వేసుకుంటారు. మరికొందరు తినని తిండి తిన్నట్టు నమోదు చేసి, యంత్రాన్ని మభ్యపెట్టి ఇన్సులిన్ రాబడతారు. రెండు మోతాదులూ కలిసి పనిచేశాయంటే చక్కెర దబ్బున పడిపోతుంది. నిందేమో యంత్రానికి!

దీనికి ఎదురుది అతివిశ్వాసం. ఒంట్లోకి ఇన్సులిన్ తీసుకుపోయే సన్నని గొట్టం మడతపడిందనుకోండి. పంపు ఇస్తున్నాననే అనుకుంటుంది, ఒంట్లోకి చుక్క వెళ్ళదు. పంపు వాడేవారికి రోజంతా నిలిచే ఇన్సులిన్ వేరే నిల్వ ఉండదు కనుక కొద్ది గంటల్లోనే కీటోన్లు పెరిగి పరిస్థితి విషమిస్తుంది. అప్పుడు పాత సూదీ, పాత లెక్కే దిక్కు. ఏళ్ళ తరబడి యంత్రమే చేసిపెడితే ఆ లెక్క గుర్తుంటుందా? లిజాన్ బైన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో కర్మాగారాల యంత్రాల గురించి రాస్తూ సరిగ్గా ఈ సంగతే ఎత్తిచూపింది: సులువైన పని యంత్రం తీసుకుని, అతి కష్టమైన ఘట్టాన్ని అభ్యాసం తప్పిన మనిషికి వదిలేస్తుందని. అందుకే నేను అప్పుడప్పుడు కాగితం మీద మోతాదు కట్టి చూసుకుంటాను. మా ఆవిడ దీన్ని చాదస్తమంటుంది, అననివ్వండి.

ఇక అలారం. సెన్సారున్న చేతిమీద ఒత్తిగిలి పడుకున్నా, చక్కెర పడిపోయిందని కూస్తుంది. అర్ధరాత్రి రెండుసార్లు ఉత్తినే లేచినవాడు మూడోసారి నిజంగా పడిపోయినప్పుడు నొక్కి పడుకుంటాడు. అది బద్ధకం కాదు, పదేపదే విన్న మోతను మెదడు పక్కకు నెట్టేస్తుంది. పైగా నలుగురిలో మోగితే సిగ్గు. ఆ సిగ్గుతో మోత తగ్గించుకునే కుర్రవాళ్ళు నాకు తెలుసు.

కనుక పరీక్ష హాల్లో కాపలా ఉండే సహోపాధ్యాయులకు ఒక మనవి. విద్యార్థి నడుముకున్న పంపు కాపీ కొట్టే సాధనం కాదు. కొన్ని పరికరాలకు ఫోనే తెర. దాన్ని లాగేసుకోకుండా తెరమీది అంకె కనబడేట్టు మీ బల్లమీద పెట్టుకోవచ్చు. ఆ అనుమతి సంగతి పరీక్షలకు ముందే తేల్చుకుంటే మంచిది. మిత్రుడికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే ప్రశ్నలు తర్వాత. తెలివి ఉంటే ముందు మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పొయ్యవద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. పంపు మీటలు మాత్రం ముట్టుకోకండి.