నుమాయిష్ నెల వచ్చిందా? పొగ అలారం బ్యాటరీ మార్చండి!

పోపులో ఎండుమిరపకాయ ఒక్కటి మాడితే చాలు, హాల్లో కూర్చున్న అత్తగారికి తెలిసిపోతుంది. "ఏమిటమ్మా ఆ ఘాటు?" అని దగ్గుతూనే అడిగేస్తారు. మెలకువగా ఉన్నప్పుడు మన ముక్కు అంత చురుగ్గా పనిచేస్తుంది. కానీ నిద్రపోయాక ఆ ముక్కుని నమ్ముకోకూడదు సుమండీ! గాఢనిద్రలో ఉన్న మనిషిని పొగ వాసన లేపుతుందన్న భరోసా లేదు. పైగా ఆ పొగలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కలిసి ఉంటుంది. అది మనిషిని మరింత మత్తులోకి తోస్తుంది. చెవి మాత్రం గట్టి మోతకి ఉలిక్కిపడి లేస్తుంది. పొగ అలారం పెట్టుకోవడం అందుకే.

మంట కన్నా ముందు పొగ

అగ్నిప్రమాదం అనగానే మన కళ్ళముందు మంటలే మెదులుతాయి. చాలాసార్లు ప్రాణం తీసేది పొగ. నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబర్ 13న, దీపావళి మర్నాటి ఉదయం, ఒక అపార్ట్‌మెంటులో కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. పొగ పై అంతస్తులకి ఎగబాకింది. ఆ రోజే తొమ్మిది మంది చనిపోయారు. వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. 2025 మే 18 తెల్లవారి చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో, కింద దుకాణాలూ పైన కాపురాలూ ఉన్న పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది పోయారు. వాళ్ళలో ఎనిమిది మంది పిల్లలు. బయటికి రావడానికి ఉన్నది ఇరుకు దారి. అక్కడా ఎక్కువమంది ప్రాణం తీసింది పొగే.

అలారం ఉండి ఉంటే వాళ్ళంతా బతికేవాళ్ళని ఎవరూ చెప్పలేరు. కానీ పొగ మొదలైన తొలి నిమిషాలు ఎంత విలువైనవో ఈ రెండు సంఘటనలూ చెప్తున్నాయి. అబిడ్స్, నాంపల్లి వీధుల్లో చూడండి... కింద షాపు, వెనక గోడౌను, పైన మన కాపురం. కింద అట్టపెట్టె అంటుకుంటే పైన మనకి తెలిసేదెప్పుడు?

కొనేటప్పుడు ఇది అడగండి

ట్రూప్ బజార్ ఎలక్ట్రికల్ షాపుల్లో "స్మోక్ డిటెక్టర్ ఉందా?" అని అడిగితే ఆఫీసుల పైకప్పుకి బిగించే రకం చూపించవచ్చు. అది వైర్లతో పెద్ద పెట్టెకి కలిపితే తప్ప పనిచేయదు. చాలావాటికి సొంతంగా మోగే బూరా కూడా ఉండదు. మీకు కావలసింది బ్యాటరీతో నడిచి తనంతట తానే మోగే రకం. డబ్బా మీద ఈఎన్ 14604 అని గానీ, యూఎల్ 217 అని గానీ ఉందేమో చూసుకోండి.

ఇంకో ముఖ్య విషయం. పొగ అలారం గ్యాస్ లీకుని కనిపెట్టలేదు. దానికి వేరే పరికరం ఉంది. వంటగ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి ఆ పరికరాన్ని నేలకి దగ్గరగా పెడతారు. పొగ పైకి పోతుంది కాబట్టి పొగ అలారాన్ని పైకప్పుకి పెడతారు.

ఎక్కడ బిగించాలి?

పడకగదిలో ఒకటి, ఆ గది బయట హాల్లో ఒకటి ఉంటే మంచిది. ఒక్కటే కొనగలిగితే పడకగది గుమ్మం బయట పెట్టండి. గోడకి పెట్టాల్సి వస్తే పైకప్పు నుంచి అడుగులోపే ఉండాలి. సీలింగ్ ఫ్యాను రెక్క చివర నుంచి కనీసం మూడడుగుల దూరం ఉంచండి, లేకపోతే ఆ గాలికి పొగ పక్కకి కొట్టుకుపోతుంది. స్టవ్‌కి పదడుగుల దూరం పాటించండి. స్నానాలగది తలుపు పక్కనా, దేవుడి మందిరం పైనా వద్దు. ఆవిరికీ సాంబ్రాణి పొగకీ ఊరికే మోగుతుంది.

కింద షాపులూ గోడౌన్లూ ఉంటే మీ ఇంట్లో పెట్టినది ఒక్కటే చాలదు. నలుగురు ఇల్లాళ్ళూ కలిసి మెట్లదారిలో ప్రతి అంతస్తుకీ ఒకటి పెట్టించండి. ఆ మెట్ల కింద అట్టపెట్టెలూ, పాత పరుపులూ పేర్చనివ్వకండి.

నెలకోసారి నొక్కండి, ఏటా మార్చండి

అలారం లోపల చిన్న చీకటి గది లాంటిది ఉంటుంది. అందులో ఓ సన్నని కాంతి కిరణం. కిటికీ సందులోంచి వచ్చే ఎండలో దుమ్ము మెరుస్తుంది చూడండి, అలాగే పొగ లోపలికి వస్తే ఆ కాంతి చెదురుతుంది. వెంటనే మోత మొదలవుతుంది. దుమ్మూ, బూజూ, పురుగులూ చేరితే మాత్రం దానికి తికమక. అనవసరంగా మోగుతుంది, లేదా అవసరానికి మోగదు.

కాబట్టి నెలకోసారి 'టెస్ట్' బటన్ నొక్కి చూడండి. కరెంటు బిల్లు కట్టే రోజైతే మరిచిపోరు. బూజు దులిపినప్పుడు మెత్తని పొడి బ్రష్షుతో అలారం సందుల్లో తుడవండి. తడిగుడ్డా, స్ప్రేలూ వద్దు. ఇంటికి రంగులు వేయిస్తుంటే దాన్ని విప్పి దాచి, పని కాగానే మళ్ళీ బిగించండి. దాని మీద రంగు పడకూడదు.

చాలా అలారాల్లో, ఒకే వైపు రెండు టిచ్ బటన్లున్నట్టు కనబడే 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కొన్నిటికి పెన్సిల్ సెల్సు పడతాయి. ఏడాదికోసారి కొత్తవి వెయ్యండి. తేదీ గుర్తుండాలంటే ఓ చిట్కా. జనవరిలో నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది, అదే నెలలో సంక్రాంతికి ఇల్లు దులుపుతాం. ఆ పనితో పాటే ఇదీ కానివ్వండి. మార్చాక బటన్ నొక్కి మోత విన్నాకే స్టూలు దిగండి. గడియారంలోంచి తీసిన పాత సెల్లు వేసి సరిపెట్టకండి.

నిమిషానికోసారి 'కీచ్' మంటోందా? బ్యాటరీ అయిపోవస్తోందని అర్థం. పదేళ్ళు నడిచే బ్యాటరీని లోపలే పెట్టి మూసేసిన రకాలు కూడా ఉన్నాయి, వాటికి మార్చే పని లేదు. ఏ రకమైనా వెనకున్న తయారీ తేదీ నుంచి పదేళ్ళు దాటితే మొత్తం అలారాన్నే మార్చెయ్యాలి.

పోపుకి మోగుతోందని...

అమెరికాలో అమ్మాయి పురిటికి వెళ్ళొచ్చిన అమ్మల్ని అడగండి. ఇంగువ పోపు పెట్టగానే ఇల్లంతా గోలగా అలారం మోగిన కథ ఎవరో ఒకరు చెప్తారు. అక్కడైనా ఇక్కడైనా చాలామంది చేసే పని ఒకటుంది. విసుగొచ్చి బ్యాటరీ పీకేస్తారు. తర్వాత పెడదామనుకుంటారు, మరిచిపోతారు. బ్యాటరీ లేని అలారం గోడకి అతికించిన ప్లాస్టిక్ డబ్బాయే కదూ?

బ్యాటరీ పీకకండి. కిటికీలు తెరిచి, చిమ్నీ వేసి, దాని కింద తువ్వాలు విసరండి. చాలావాటికి కాసేపు నోరు మూయించే బటన్ కూడా ఉంటుంది. అస్తమానూ మోగుతుంటే దాని చోటు మార్చండి.

నిజంగా మోగితే?

* పిల్లల్నీ పెద్దవాళ్ళనీ లేపండి. నగలూ కాగితాలూ వెతకొద్దు.
* పొగ పైన తేలుతుంది కాబట్టి వంగి, పాకుతూ వెళ్ళండి. లిఫ్టు ఎక్కకండి.
* తలుపు తీసేముందు అరచేతి వెనక వైపుతో తాకి చూడండి. వేడిగా ఉంటే తీయకండి.
* మెట్లనిండా పొగ ఉంటే గదిలోనే ఉండి తలుపు మూసి, సందుల్లో తడి దుప్పటి కుక్కండి. బాల్కనీ దగ్గరో కిటికీ దగ్గరో నిలబడి గుడ్డ ఊపండి.
* బాల్కనీ గ్రిల్లుకి తాళం ఉంటే దాని చెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.
* 101కి గానీ, 112కి గానీ ఫోన్ చెయ్యండి.

ఏడాదికో బ్యాటరీ, నెలకో నొక్కు... మన ఇంటిపనుల్లో ఇదో లెక్కా! ఇంట్లో ఇప్పటికే అలారం ఉంటే ఇవాళే బటన్ నొక్కి చూడండి. ఈ నెల సరుకుల చీటీలో, కందిపప్పు కింద, ఓ 9 వోల్టుల బ్యాటరీ కూడా రాసేసుకోండి.