తాళమును జూచి చెవిని జేయు విద్య

తాళపుచెవి పోయినపుడు గృహిణి చేయు పని యెల్లరకును దెలిసినదే. ఇంటనున్న పాత చెవుల గుత్తిని దెచ్చి యొక్కొక్కదానినే త్రిప్పి చూచును. ఏదేని పట్టినచో అదృష్టము. పట్టకున్న తాళములు బాగుచేయువానిని బిలిపింతుము. అతడు గుత్తి జోలికి బోడు. తాళమును విప్పి, లోపలి గాడులను జూచి, వానికి సరిపడ క్రొత్త చెవిని ఆకురాతితో దీర్చును. రోగములకు మందులు కనుగొనుటలోను ఈ రెండు మార్గములు కలవు. ఎయిడ్సు వ్యాధికి మూలమగు హెచ్.ఐ.వి. యను వైరసు విషయమున వైద్యశాస్త్రము మొదటి మార్గమునుండి రెండవదానికి ఎట్లు నడచెనో, ఆ నడకలో కంప్యూటరను గణనయంత్రము చేసిన సాయమెంతో మా సోదరీమణులకు దెలుపదలచితిమి. మన తెలుగునాట భర్తల వలన ఈ వ్యాధి సోకిన యిల్లాండ్రు అనేకులు గలరు గనుక ఇది మనకు పరాయి కథ గాదు.

ఈ వైరసును 1983లో పారిసు నగరమందలి పాస్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసి యను విదుషీమణియు, ల్యూక్ మోంటాన్యే పండితుడును కనుగొనిరి. మన దేశమున దీని జాడను 1986లో చెన్నపట్టణమున మొదట పట్టినవారును స్త్రీలే: డాక్టరు సునీతి సాలమన్ గారును, వారి శిష్యురాలు నిర్మల గారును.

వైరసు తనంతట తాను వృద్ధిపొందజాలదు. మన రక్తమందు కావలికాయు తెల్లకణములలో జొరబడి, అచ్చట ముగ్గురు పనివారిచే పని సేయించుకొనును. మొదటివాడు లేఖకుడు, వైరసు వ్రాతకు ప్రతి వ్రాయును. రెండవవాడు కుట్టుపనివాడు, ఆ ప్రతిని మన కణపు మూలగ్రంథములో జేర్చి కుట్టును. వీని పేరు ఇంటిగ్రేసు. మూడవవాడు కత్తెర పట్టినవాడు. క్రొత్త వైరసులకు గావలసిన పొడుగుపాటి గొలుసును ముక్కలుగా ద్రుంచును. వీని పేరు ప్రోటీయేసు. వీరిలో నెవనిచేతులు గట్టినను వైరసు పని యాగును.

మొదటి మందగు ఎ.జెడ్.టి. గుత్తిలోని పాత చెవి వంటిది. కాన్సరు కొరకై 1964లో చేసి, పనికిరాదని ప్రక్కన బెట్టిన పదార్థమది. అది లేఖకుని చేయి పట్టుకొనునని తరువాత దెలియగా 1987లో అమెరికాలో మందుగా నంగీకరించిరి. కాని ఆ లేఖకుడు తప్పులు మెండుగా వ్రాయువాడు. ఆ తప్పుల వలన తాళపు గాడులే మారిపోవుచుండును. నిన్న పట్టిన చెవి నేడు పట్టదు. ఒక్క మందుతో రోగులు బహుకాలము నిలువకుండుటకు ఇదియే కారణము.

1989లో కత్తెరవాని రూపము దెలిసెను. ప్రోటీయేసును స్ఫటికములుగా జేసి, వానిపై ఎక్సుకిరణములను ప్రసరింపజేసి, అందలి పరమాణువు లెచ్చటెచ్చట నున్నవో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఒక్కొక్కటి 99 పూసల దండవంటి రెండు సమభాగములు, రెండు చేతులు మోడ్చినట్లు కలిసియున్నవి. నడుమ నొక బొలుపు గలదు. గొలుసు తెగునది అచ్చటనే. తాళము విప్పినట్లయ్యెను.

ఇక చెవి చేయవలెను. తాళపు ఆకారమును అంకెలుగా మార్చి యంత్రమున కిత్తురు. మందు కాదగిన పదార్థపు ఆకారమును అట్లే యిత్తురు. యంత్రము ఆ పదార్థమును బొలుపులో బెట్టి, త్రిప్పి, వంచి, ప్రతి భంగిమయందును ఏ పరమాణువు దేనిని ఆకర్షించునో, దేనిని నెట్టునో గణించి, పట్టు ఎంత గట్టిదో చెప్పును. ఇట్టి లెక్క సేయు ఆటోడాక్ అను సాధనమును 1990లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థకు జెందిన గుడ్సెల్, ఓల్సన్ అనువారు ప్రకటించిరి. చేటలో బియ్యము చెరిగినట్లు, లక్షల పదార్థములలో తాలును విడిచి గింజలను మిగుల్చుటయే దీని ప్రయోజనము. మిగిలిన కొన్నింటినే ప్రయోగశాలలో చేసి పరీక్షింతురు. ప్రోటీయేసును బంధించు మొదటి మందు సక్వినవిర్ 1995 డిసెంబరులో వచ్చెను. 1996 నుండి మూడు మందులను గలిపి యిచ్చుటతో, మందు దొరకిన దేశములలో మరణములు వేగముగా తగ్గెను.

ఈ లెక్కలలో గృహస్థులకును పాలు గలదు. 2000 సంవత్సరమున ఓల్సన్ బృందమువారు "ఫైట్ ఎయిడ్స్ ఎట్ హోమ్" అను ప్రయత్న మారంభించిరి. ఇండ్లలో ఊరకయున్న కంప్యూటర్లకు లెక్కలో నొక్కొక్క ముక్క పంచియిచ్చి, ఫలితములను కూర్చుకొనిరి. 2011లో మరియొక చిత్రము జరిగెను. కోతులకు ఎయిడ్సు వంటి వ్యాధి గలిగించు వైరసులోని ప్రోటీయేసు రూపము శాస్త్రజ్ఞులకు పదేండ్లకు పైగా చిక్కకుండెను. "ఫోల్డిట్" అను కంప్యూటరు ఆటలో దానిని సమస్యగా నీయగా, జీవరసాయనము చదువని వారు పెక్కుమంది గల ఆటగాండ్రు మూడు వారములలో దారి చూపిరి.

కుట్టుపనివాని కథ వేరు. తాళములు ఇనుపవి గనుక కదలవు. ఇంటిగ్రేసు నిరంతరము కదలుచుండును. 2004లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మెకామన్ బృందమువారు ఆ కదలికలను యంత్రముపై నడపి చూడగా, స్ఫటికపు చిత్రములో గానరాని గాడి యొకటి ప్రక్కన తెరచుకొనుట కనబడెను. 2007లో ఇంటిగ్రేసును బంధించు మొదటి మందు రాల్టెగ్రవిర్ అనుమతి పొందెను. అది గణితమొక్కటే కన్న బిడ్డ గాదు. ప్రయోగశాలలో రెండున్నర లక్షలకు పైగా నమూనాలను పరీక్షించిన శ్రమ దాని వెనుక గలదు. అదే జాతికి జెందిన డొలుటెగ్రవిర్ నేడు మన ప్రభుత్వ చికిత్సాకేంద్రములలో ఉచితముగా నిచ్చు మాత్రలో నున్నది.

యంత్రమునకు తెలియని వెన్నియో గలవు. మందు కడుపులో నిలుచునా, కాలేయమును బాధించునా, గర్భిణికి హాని సేయునా యనునవి మనుష్యులే తేల్చవలెను. వైరసు తొడుగును బట్టు లెనకాపవిర్ అను సూదిమందును ఆరునెలల కొకసారి దక్షిణాఫ్రికా, ఉగాండా దేశముల యువతుల కిచ్చి చూడగా, దానిని బొందిన 2134 మందిలో ఒక్కరికిని వ్యాధి సోకలేదని 2024లో తేలెను. తమ దేహములను పరీక్ష కొప్పగించిన ఆ సోదరీమణుల ఋణము ఏ లెక్కకు నందనిది. ఆ యేడే దానిని చౌకగా జేయు అనుమతి పొందిన సంస్థలలో హైదరాబాదువి రెండు గలవు.

ఇంత శ్రమచే వచ్చిన మాత్రను బియ్యపు డబ్బా వెనుక దాచి, అత్తవారు చూతురేమోయని భయముతో నొకపూట మానివేయు యిల్లాలిని మేమెరుగుదుము. మానిన దినములలోనే తాళము మారుటకు వైరసునకు అవకాశము చిక్కును. చికిత్స లేనిచో తల్లినుండి బిడ్డకు నూటికి 15 మొదలు 45 మందికి సంక్రమించు వ్యాధి, చికిత్సచే 5గురికన్న తక్కువమందికే సంక్రమించును. తాకుటచే, కలిసి భుజించుటచే ఇది యంటదు. చెవిని జేసియిచ్చుట శాస్త్రజ్ఞుల వంతు. దానిని వేళకు వాడుకొనుటకు భయములేని యిల్లు కల్పించుట మన వంతు.