మాయ ఎక్కడుందో అడిగారా?

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్... సాఫ్ట్‌వేర్ కొలువుల చుట్టూ పెరిగిన ఈ పేటల్లో అయిదో నెల రాగానే 'టిఫా' స్కాన్ చేయించుకోవడం కాబోయే అమ్మలకు మామూలైపోయింది. బిడ్డ గుండె, వెన్ను, కాళ్లూచేతులూ బాగున్నాయంటే చాలు, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అదే రిపోర్టులో ఉండే ఇంకో వాక్యాన్ని మాత్రం చాలామంది పట్టించుకోరు. అది మాయ గురించి!

కడుపులో బిడ్డకు ఆహారం, ఆక్సిజన్ అందించేది మాయే. మామూలుగా అది గర్భసంచి పైభాగాన అంటుకుని ఉంటుంది. కొందరిలో కిందికి దిగి ముఖద్వారానికి అడ్డుపడుతుంది. ఇదే 'ప్లాసెంటా ప్రీవియా'. నెలలు నిండేసరికి సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది. నొప్పి లేకుండానే ఉన్నట్టుండి రక్తస్రావం కావచ్చు. కాన్పుకి ఆపరేషన్ తప్పదు.

అలాగని అయిదో నెలలో 'మాయ కిందికి ఉంది' అనగానే కంగారు పడక్కర్లేదు. గర్భసంచి పెరిగేకొద్దీ పదిమందిలో తొమ్మిదిమందికి అది పైకి జరుగుతుంది. 32 వారాలప్పుడు మళ్లీ స్కాన్ చేయించుకోవడం మాత్రం మరవొద్దు. యోని ద్వారా చేసే స్కాన్‌లో దూరం కచ్చితంగా తెలుస్తుంది. ముఖద్వారానికి 20 మిల్లీమీటర్లకు మించి ఎడముంటే ప్రీవియా భయం తీరినట్టే.

మొదటి కాన్పు సిజేరియనా?

అయితే మరింత జాగ్రత్త అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. రాష్ట్రాల్లో ఇదే అత్యధికం. పాత కోత మచ్చ మీద మాయ నాటుకుంటే కాన్పయ్యాక ఊడిరాదు. దీన్ని 'అక్రీటా' అంటారు. ప్రీవియా ఉన్నవారిలో అంతకుముందు ఒక సిజేరియన్ అయితే నూటికి 11 మందికి, రెండయితే 40 మందికి ఈ సమస్య కనిపించిందని 2006లో వెలువడిన ఓ అమెరికా అధ్యయనం తేల్చింది. కలర్ డాప్లర్‌తో ముందే పసిగడితే రక్తం, నిపుణులు సిద్ధంగా ఉన్న పెద్దాసుపత్రిలో కాన్పు ఏర్పాటు చేసుకోవచ్చు.

ఈ అద్దాల మేడల్ని కట్టిన కూలీల కుటుంబాలకూ ఈ పరీక్ష అందాలి కదా! 2022లో తెలంగాణ ప్రభుత్వం 44 ఆసుపత్రులకు 56 టిఫా యంత్రాల్ని సమకూర్చింది.

ఒక్క మాట. కాన్పుకి ముందే మాయ విడిపోవడం స్కాన్‌లో ప్రతిసారీ కనిపించదు. రక్తం కనిపించినా, కడుపు గట్టిపడి నొప్పి వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా 'రిపోర్టు నార్మలే కదా' అనుకోవద్దు. మీటింగ్ అయ్యాక చూద్దామనీ ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.